గంజిపంచె ఫస్టుక్లాసులో పాసైంది

గోగులమూడిలో గవర్రాజు ఇంట్లో నలుగురుంటారు. గవర్రాజు, వాళ్ళ నాన్న పేరయ్య, వాళ్ళమ్మ అచ్చియ్యమ్మ, పెళ్ళాం కనకరత్నం. ఈ నలుగురికీ ఒక్కటే దిగులు. ఊళ్ళో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే పోగుపడిపోయిందే, పాపం మిగతా వాళ్ళు ఎలా బతుకుతున్నారో అని!

నవ్వకండి మరి. వాళ్ళ తెలివికి సాక్ష్యం కూడా ఉంది. ఒకసారి బెండ విత్తనాల పొట్లం తెచ్చుకున్నారు. దాని మీద ‘ఎండ తగలకుండా ఉంచండి’ అని రాసుంది. ఊళ్ళో ఇంకెవరైనా అయితే చదివి ఊరుకునేవాళ్ళు. వీళ్ళు ఊరుకోలేదు. పొట్లాన్ని నడివాకిట్లో పెట్టి, దాని మీద గొడుగు పట్టుకుని, పొద్దు తిరిగినప్పుడల్లా గొడుగు తిప్పుతూ మూడు రోజులు వంతులవారీగా నిలబడ్డారు. “ఇంట్లో పెడితే సరిపోయేదిగా?” అని పక్కింటావిడ అడిగితే అచ్చియ్యమ్మ మూతి తిప్పుకుంది. “ఇంట్లో పెడితే ఎండ తగల్లేదని మాకెలా తెలుస్తుందమ్మా? ఎండ ఉన్నచోట పెడితేగా తెలిసేది!” అంది. పక్కింటావిడ మళ్ళీ ఏమీ అడగలేదు. చూశారా, నోరు మూయించేశామని నలుగురూ మురిసిపోయారు.

ఇంత తెలివైన ఇంట్లో కనకరత్నానికి మాత్రం మనసులో ఒక కొరత ఉండిపోయింది. ఆవిడకు పిల్లల్లేరు. చేతివంట చూస్తే అమృతం. కొబ్బరికారం పెట్టి గుత్తివంకాయ చేసిందంటే వీధి మలుపులో సైకిళ్ళు ఆగేవి. ఏం లాభం? ఇంట్లో ముగ్గురూ తలొంచుకుని తినేసి, తేన్చి, లేచిపోతారు. పిల్లలు కంచం నాకుతూ “ఇంకొంచెం వెయ్యి” అని అడుగుతుంటే వినాలని ఆవిడకు ప్రాణం. అందుకే, ఊరి బళ్ళో మధ్యాహ్నం భోజనాలు వండే ముసలావిడ కూతురి దగ్గరకు వెళ్ళిపోయిందని తెలియగానే చీర కుచ్చెళ్ళు సర్దుకుని పరుగెత్తింది.

హెడ్మాస్టరు పరదేశి మేష్టారు మంచాయనే. “చూడమ్మా కనకరత్నం, పిల్లలకి పెట్టే తిండిలో పోషకాలుండాలి. పిండిపదార్థం, కొవ్వు, మాంసకృత్తులు అన్నీ ఉండాలి. ఎల్లుండి నువ్వు వండుకురా. మా విమలకుమారి టీచరు ఏడోక్లాసు పిల్లల చేత పరీక్ష చేయిస్తుంది. పాసైతే ఉద్యోగం నీదే” అన్నాడు.

“పరీక్షా?” అని ఒక అడుగు వెనక్కి వేసింది కనకరత్నం.

“భయపడకు. ఇవాళ ఆ పాఠమే చెబుతోంది. వెళ్ళి కూచుని విను.”

కనకరత్నం వెళ్ళి చివరి బెంచీ మీద కూచుంది. టీచరు బంగాళాదుంప ముక్క మీద ఎర్రటి మందు ఒక చుక్క వేసింది. అదేదో అయోడినట. ముక్క అలా చూస్తుండగానే నీలంగా, నల్లగా అయిపోయింది. “పిండిపదార్థం ఉందన్నమాట” అంది టీచరు. తర్వాత వేరుశనగ గింజలు నలిపి కాగితం మీద రుద్దింది. కాగితానికి నూనె మరక పడింది. వెలుగులో పట్టుకుంటే అవతలి కిటికీ మసగ్గా కనిపించింది. “కొవ్వు ఉందన్నమాట.” ఆ తర్వాత గుడ్డు తెల్లసొనలో మైలుతుత్తం నీళ్ళూ ఇంకో మందూ కలిపింది. ఊదారంగు వచ్చింది. “మాంసకృత్తులు ఉన్నాయన్నమాట.”

చివర్లో టీచరు వేలు చూపించి గట్టిగా చెప్పింది. “ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. పరీక్ష చేసింది ఒక్క మెతుకు కూడా ఎవరూ తినకూడదు. పారబొయ్యాలి.”

పిల్లలు తల ఊపారు. కనకరత్నం అందరికంటే గట్టిగా ఊపింది. టీచరుగారిని బతిమాలి ఒక చిన్న సీసాలో అయోడిన్, నాలుగు తెల్లకాగితాలు ఇప్పించుకుని ఇంటికొచ్చింది.

ఇంకేముంది! ఇంట్లో సందడే సందడి. నల్లబడితే పాసు, నల్లబడకపోతే ఫెయిలు. ఇంత చిన్న విషయం బళ్ళో ఏళ్ళ తరబడి ఎందుకు చెబుతారో గవర్రాజుకి అర్థం కాలేదు.

ముందు అన్నం మీద చుక్క వేశారు. నల్లబడింది. పాసు! ఉప్పు మీద వేశారు. నల్లబడలేదు. ఫెయిలు. మిరపకాయ ఫెయిలు. చింతపండు ఫెయిలు. గోంగూర ఫెయిలు. మంచినీళ్ళు కూడా ఫెయిలే. “నేను ఎప్పట్నుంచో అనుకుంటున్నా, ఆ నీళ్ళలో ఏమీ లేదని” అన్నాడు పేరయ్య.

ఆఖరికి కనకరత్నం లేత వంకాయ కోసి ఒక చుక్క వేసింది. చూసింది. మళ్ళీ చూసింది. అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఎక్కడా నల్లబడలేదు.

“ఫెయిలయ్యిందే!” అన్నాడు గవర్రాజు.

కనకరత్నం ముఖం చిన్నబోయింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ తను చేసే కూర, తనకు పేరు తెచ్చిన కూర, చివరికి ఇలా పరువు తీసింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ సీసా మూత పెట్టబోయింది. చెయ్యి జారి ఒక చుక్క పేరయ్య పంచె మీద పడింది. ఆ పంచె మామూలు పంచె కాదు. పొద్దున్నే చాకలి గంజి దట్టించి, ఇస్త్రీ చేసి తెచ్చిన పంచె. నిలబెడితే దానంతటదే నిలబడుతుంది.

చుక్క పడిందో లేదో, పంచె నల్లగా నేరేడుపండులా అయిపోయింది!

నలుగురూ నోళ్ళు తెరిచారు.

“పాసు!” అని అరిచాడు గవర్రాజు. “అన్నం కంటే నల్లగా అయ్యింది. ఫస్టుక్లాసు!”

“ఎన్నాళ్ళుగా కట్టుకు తిరుగుతున్నానురా, తినేది అని ఒక్కరూ చెప్పలేదు” అని పేరయ్య ఒళ్ళంతా తడుముకున్నాడు.

అంతే, పిండిపదార్థం బెంగ తీరిపోయింది. ఇక కొవ్వు. కాగితం పట్టుకుని ఇల్లంతా తిరిగారు. తలుపుకి రుద్దారు, పిల్లికి రుద్దారు. ఎక్కడా మరక పడలేదు. గవర్రాజు చెమట పట్టి, చేతిలో కాగితంతోనే నుదురు తుడుచుకున్నాడు. రోజూ గిన్నెడు ఆముదం మాడుకి పెట్టుకునే తల అది. కాగితం తడిసి అవతల దూలం కనిపించింది.

“మీ ఆయనలో కొవ్వు ఉందే కోడలా!” అంది అచ్చియ్యమ్మ సంబరంగా.

“ఉంది సరే అత్తా, ఆయన్ని ఎలా వండను?” అంది కనకరత్నం. పాపం, మొగుడంటే ఆవిడకి ప్రేమే.

గవర్రాజు రెండడుగులు వెనక్కి వేసి, గబగబా ఆలోచించాడు. తను రోజూ తల పెట్టుకుని పడుకునే తలగడ గలీబు తెచ్చి ఇచ్చాడు. దాని మీద కాగితం పెట్టీ పెట్టగానే మరక. “నా కొవ్వంతా దీనిలోకే దిగుతోంది. దీన్ని వండు” అన్నాడు. తెలివంటే అదీ!

ఇక మిగిలింది ఊదారంగు. మైలుతుత్తం లేదు, రెండో మందు పేరు గుర్తులేదు. కనకరత్నం నెత్తిన చేతులు పెట్టుకుని కూచుంది. అప్పుడు అచ్చియ్యమ్మ లేచి, పెట్టె మూత తీసి, మడతల్లోంచి తన పెళ్ళినాటి పట్టుచీర బయటికి తీసింది. ఊదారంగు చీర. ఏడాదికోసారి తీసి, వాసన చూసుకుని, మళ్ళీ పెట్టుకునే చీర.

“టీచరమ్మ మందు పోస్తేగాని గుడ్డుకి రంగు రాలేదు. నా చీర చూడు, ఏ మందూ పొయ్యకుండానే పాసైంది. కొంగు కత్తిరించుకోవే పిల్లా” అంది.

“వద్దత్తా, నీ పెళ్ళిచీర!”

“చీరదేముందే. నీకా ఉద్యోగం రావాలి” అంది అచ్చియ్యమ్మ. కత్తెర వేస్తున్నప్పుడు మాత్రం గోడవైపు తిరిగి నిలబడింది.

ఎల్లుండి రానే వచ్చింది. కనకరత్నం తెల్లారకుండానే లేచి పంచెని సన్నగా పొడుగ్గా తరిగింది. గలీబు ముక్కలు చేసింది. కొంగు పైన అలంకరణకి ఉంచింది. ఫెయిలైన ఉప్పూ కారం దగ్గరికి కూడా రానివ్వలేదు. నీళ్ళు ఫెయిలే కానీ, ఉడకాలంటే తప్పదు కాబట్టి కళ్ళు మూసుకుని పోసింది. అన్నీ కలిపి తపేలాలో కుతకుతా ఉడికించింది.

“మరి మనం ఏం తినాలి?” అన్నాడు పేరయ్య. పంచె తపేలాలోకి వెళ్ళడంతో ఆయన దుప్పటి చుట్టుకుని ఉన్నాడు.

“పాసైనవన్నీ పిల్లలకి మామయ్యా. ఫెయిలైనవి మనం తిందాం” అంది కనకరత్నం. అని, మిగిలిన గోంగూరతో పప్పు, మిగిలిన వంకాయలతో కూర, పంచె ముందు సెకండుక్లాసే కాబట్టి ఇంత అన్నం వండి నాలుగు గిన్నెల క్యారేజీలో సర్దింది. నలుగురూ బడికి బయలుదేరారు.

ఏడోక్లాసులో బల్ల మీద తపేలా పెట్టారు. విమలకుమారి టీచరు మూత తీసింది. ఆవిరి వచ్చింది, దాంతోపాటు ఆముదం కంపు కూడా వచ్చింది.

“ఏమిటమ్మా ఇది? సేమ్యానా?”

“పరీక్ష చెయ్యండి టీచరుగారూ, తర్వాత చెబుతాను” అంది కనకరత్నం గర్వంగా.

ఒక పిల్ల ముక్క తీసి, చల్లార్చి, చుక్క వేసింది. నల్లబడింది. ఇంకో పిల్ల కాగితం అద్దింది. మరక పడింది. పైనున్న ముక్క అప్పటికే ఊదారంగులో ధగధగలాడుతోంది. టీచరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. లెక్క ప్రకారం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఏదో మాత్రం సరిగ్గా లేదు.

“టీచర్, ఈ సేమ్యాకి జరీ అంచు ఉంది!” అని ఒక పిల్ల మూరెడు ముక్క పైకి లాగింది.

పరదేశి మేష్టారు వచ్చాడు. ఇంకా పరీక్ష చెయ్యని ముక్క ఒకటి గరిటెతో తీసి వెలుగులో చూశాడు. మూల మీద చాకలి గుర్తు, నల్లసిరాతో రెండు చుక్కలు, ఒక గీత. మేష్టారు ముక్క వంక చూశాడు, దుప్పటి చుట్టుకున్న పేరయ్య వంక చూశాడు. అర్థమైపోయింది.

“పిల్లలకి పంచె వండి పెడతావటమ్మా? నడవండి బయటికి!” అని కేకేశాడు.

అన్నీ పాసయ్యాయి కదా, ఎక్కడ తప్పయిందో కనకరత్నానికి ఎంతకీ తెలియలేదు. వరండా చివర కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. క్లాసులోంచి పిల్లల గొంతులు వినపడుతుంటే ఇంకా ఏడుపొచ్చింది. పక్కన అచ్చియ్యమ్మ కూడా ఏడ్చింది, కోడలి కోసం సగం, కొంగు కోసం సగం.

“ఏడుపుతో కడుపు నిండుతుందా? ఆ ఫెయిలైనవి తియ్యి” అన్నాడు పేరయ్య.

క్యారేజీ మూత తీశారు. అంతే! గుత్తివంకాయ వాసన వరండా దాటింది, కిటికీలోంచి దూరింది, ఏడోక్లాసు చివరి బెంచీ దాకా వెళ్ళింది. ఒక పిల్ల తల బయటికి పెట్టింది. తర్వాత నాలుగు తలలు. తర్వాత క్లాసంతా చుట్టూ మూగింది.

“వద్దమ్మా, తినకండి! ఇది ఫెయిలైన కూర!” అని కనకరత్నం రెండు చేతులూ అడ్డం పెట్టింది. ఎవరు వింటారు? ఒకడు వంకాయ లాగాడు, ఒకతి పప్పులో వేలు పెట్టింది. “అత్తా, ఇంకొంచెం” అన్నారెవరో.

ఆ మాట చెవినపడగానే కనకరత్నం చేతులు వాటంతటవే పక్కకి తప్పుకున్నాయి.

గోల విని వచ్చిన మేష్టారు గిన్నె అడుగున మిగిలిన ముద్ద నోట్లో వేసుకున్నాడు. వేళ్ళు నాకి, “ఇలా వండటం చేతనై, పంచె ఎందుకు వండావమ్మా?” అన్నాడు.

“వంకాయ నల్లబడలేదు సార్” అంది కనకరత్నం వెక్కుతూ.

“సరే, సోమవారం నుంచి రా. ఉద్యోగం నీదే. ఒక్క మాట! ఇకమీదట పరీక్ష చెయ్యకుండా ఒక్క మెతుకు కూడా పిల్లలకి పెట్టకు. తెలిసిందా?”

తెలియకేం? దివ్యంగా తెలిసింది.

సోమవారం తెల్లవారుజామున నలుగురూ బడి వంటసాలలో దిగారు. మెడికల్ షాపులో దెబ్బలకి రాసే అయోడిన్ నాలుగు సీసాలు కొనుక్కొచ్చారు. కనకరత్నం ఎనభైమందికి అన్నం వండింది, గుండిగ నిండా పప్పు వండింది. ఎనిమిది గంటలకల్లా వంటైపోయింది. ఇక ఒక్కో మెతుకు తీసి చుక్క వెయ్యడం మొదలుపెట్టారు.

నల్లబడలేదు!

“అన్నం ఫెయిలయ్యిందే! మొన్న పాసైందిగా!” అని గవర్రాజు గుండెలు బాదుకున్నాడు. పొగలు కక్కే మెతుక్కి రంగు పట్టదని పాపం వాళ్ళకి ఎవరు చెప్పారు? అచ్చియ్యమ్మ మాత్రం “దానికి ఒళ్ళు వేడిగా ఉన్నట్టుందే, విసరండి” అంది. అన్నానికి జ్వరం వచ్చిందని అందరూ తలో విసనకర్రా పట్టుకుని విసిరారు. చల్లారింది. ఒక మెతుకు మీద వేస్తే నల్లబడింది. హమ్మయ్య అనుకున్నారు.

పది గంటలయ్యేసరికి నూటపన్నెండు మెతుకులయ్యాయి. గుండిగలో ఏ మార్పూ కనిపించలేదు. అప్పుడు గవర్రాజు బుర్రకి మళ్ళీ పని పెట్టాడు. సీసాలన్నీ బక్కెట్టులో వొంపి, నీళ్ళు కలిపి, అన్నం మీద దిమ్మరించి కలియబెట్టాడు. పప్పు మీద కూడా పోశాడు. ఒకే దెబ్బకి గుండిగలు రెండూ కాటుకలా అయిపోయాయి. అంతా పాసే!

ఇంకేముంది, టీచరమ్మ మాట కనకరత్నానికి కంఠతా వచ్చు. పరీక్ష చేసింది ఒక్క మెతుకు కూడా ఎవరూ తినకూడదు. గుండిగలు ఎత్తుకెళ్ళి బడి వెనక చెత్తగుంటలో వొంపి, మెతుకు అంటుకోకుండా కడిగి, బోర్లించారు.

ఒంటిగంట కొట్టారు. ఎనభైమంది పిల్లలూ కంచాలు ముందు పెట్టుకుని బారులు తీరి కూచున్నారు. ఆ బారులు చూస్తే కనకరత్నానికి కళ్ళు చెమ్మగిల్లాయి.

“సార్, అంతా పరీక్ష చేశాం. ఒక్క మెతుకు కూడా ఫెయిలవలేదు!” అంది.

“సంతోషం. వడ్డించు మరి” అన్నాడు మేష్టారు.

“ఏం వడ్డించను సార్?”

అన్నీ అడిగి తెలుసుకునేసరికి మేష్టారు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. ఈలోగా ముందు వరసలో ఉన్న చిన్నపిల్ల కనకరత్నం చీర పట్టుకు లాగింది. “అత్తా, ఆకలి. అన్నం?”

కనకరత్నం ఆ పిల్లని దగ్గరికి తీసుకుంది. “పరీక్ష చేసింది నీకు పెడతానా నా తల్లీ? నా ప్రాణం పోయినా పెట్టను!”

మేష్టారు “కనకరత్నం, ఇంక నువ్వు...” అని మొదలుపెట్టాడు. మాట పూర్తి కాలేదు. “సార్, మొన్నటి కూర! సార్, వంకాయకూర!” అని ఎనభై కంచాలూ ఒక్కసారి మోగాయి. ఆయన కళ్ళు మూసుకుని, పదిదాకా లెక్కపెట్టి, తెరిచాడు. “వెళ్ళి మళ్ళీ వండు తల్లీ. త్వరగా! ఇక ఎప్పుడూ, పిల్లల అన్నం జోలికి ఆ సీసా రాకూడదు. పిల్లల అన్నం పరీక్ష చెయ్యొద్దు. ఇది నా ఆర్డరు.”

కనకరత్నం నడుం బిగించింది. గంటన్నర తిరక్కుండా అన్నం, పప్పు, వంకాయకూర. పిల్లలు కంచాలు నాకుతున్నారు. “ఇంకొంచెం, అత్తా, ఇంకొంచెం!” ఆవిడ వడ్డిస్తూ తిరుగుతుంటే నేల మీద కాలు ఆనలేదు. ఈ ఉద్యోగం ఇంక ఎవరు పొమ్మన్నా తను పోదు. చెప్పినట్టు చేస్తే ఎవరు మాత్రం ఎందుకు పొమ్మంటారు?

అంతా తిన్నాక, పొద్దున్నించీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని మేష్టారు తన గదిలోకి వెళ్ళి, ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారేజీ తీసి, చేతులు కడుక్కుని, ముద్ద కలిపాడు.

కనకరత్నం గుమ్మంలోంచి చూసింది. పరీక్ష చెయ్యకుండానే తినబోతున్నాడు! మేష్టారు పిల్లాడు కాదు కదా! అది పిల్లల అన్నం కాదు కదా!

“ఆగండి సార్!” అని ఒక్క దూకులో లోపలికొచ్చి, టీచరమ్మ ఇచ్చిన చిన్న సీసాలో మిగిలిందంతా ముద్ద మీదా, క్యారేజీలోనూ వొంపేసింది. ఎత్తిన ముద్ద ఎత్తినట్టే మేష్టారి చేతిలోనే నల్లబడింది.

“పాసు సార్!” అంది కనకరత్నం మనసు నిండిపోయి. ఆయన చేతిలోంచి ముద్ద జాగ్రత్తగా తీసుకుని, క్యారేజీతో సహా చెత్తగుంట వైపు బయలుదేరింది.